మా బండి కమాన్ కట్ట

ఈ పత్రికల నేను రాసుడు ఇది రెండోసారి. మొదటిసారి మిల్లు బంద్ అయిన ముచ్చట రాసిన. ఈసారి బండి ముచ్చట. మన బస్తీలల్ల గల్లీకి రెండు మూడు చోటా హాతీలు ఉన్నయ్ గదా, వాటిని నడిపే పిల్లలు చదివితే బాగుంటదని రాస్తున్న. వాళ్ళకు తీరిక లేకపోతే ఇంట్ల పెద్దోళ్ళు చదివి చెప్పున్రి.

మా పెద్దోడు టాటా ఏస్ నడుపుతడు. ఇక్కడ సోలాపూర్ల అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీ కార్ఖానాల నుంచి టవెళ్ళు, చద్దర్ల గఠ్ఠాలు ట్రాన్స్‌పోర్టు గోదాములకు మోసుడు వాని పని. బండి సెకండ్ హ్యాండుది. మిల్లు బంద్ అయినంక ఎన్నో ఏండ్లు తిరిగితే చేతికొచ్చిన నా పైసలల్ల సగం దాని మొదటి కట్టుబడికే పోయినయ్. మిగిలింది ఫైనాన్సు. నెలనెలా కిస్తు కట్టాలె. ఇది ఎందుకు చెప్తున్ననంటే, ఆ కిస్తు లేకపోతే ఈ కథే లేదు.

మొన్న వానలు మొదలైనప్పుడు బండి ముందర ఎడమ పక్కకు కుంగినట్టు కనబడ్డది. గల్లీ చివర స్పీడ్ బ్రేకర్ మీద ఎక్కి దిగినప్పుడల్లా ధడ్ మని ఇనుము మీద ఇనుము కొట్టిన చప్పుడు. నేను అరుగు మీద కూసుండి రోజూ వింటనే ఉన్న. నలభై ఏండ్లు సాంచెల నడుమ ఉన్నోనికి చెవులు సగం పోయినా, ఏ చప్పుడు మంచిది ఏది చెడ్డది అన్నది మాత్రం తెలుస్తది. మిల్లుల జాబర్ కండ్లు మూసుకొని నడుచుకుంట పోయి, "పదకొండో సాంచె చూడు" అనేటోడు.

"కమాన్ పోయింది రా" అన్న.

వాడు అప్పటికే ఫోన్‌ల వీడియోలు చూసి పెట్టుకున్నడు. అమెరికల ఎవరో ఇద్దరు ఇంటి షెడ్డుల పెద్ద ట్రక్కు ముందర ఎత్తి, పాత షాకులు పీకేసి, కొత్తవి పెడుతున్నరు. వాటిని కాయిల్ఓవర్ అంటరట. నాకు తెలియక అడిగిన, "అదేందిరా?" అని. చూపించిండు. చూస్తే కొత్తది ఏం కాదు. మన మోటర్‌సైకిల్ వెనక ఉండే షాక్ లెక్కనే. నడుమ నూనె ఉన్న గొట్టం, దాని చుట్టు చుట్టల స్ప్రింగు. కాకపోతే గొట్టం మీద మరలు కోసి ఉంటయ్, ఒక రింగు తిప్పితే బండి ఎత్తు పెరుగుతది, తగ్గుతది.

"ఇవి వేస్తే ముందర రెండించులు లేస్తది నాయినా. ఎంత లోడు వేసినా కుంగదు."

"ఎంత లోడు" అన్న మాట దగ్గర నా మనసు ఆగింది. ఈ బండి 2005ల వచ్చినప్పటి సంది 750 కిలోల బండి అనే పేరు. రెండు సిలిండర్ల చిన్న ఇంజను. మావోడు దాంట్ల పన్నెండు వందల కిలోలు కూడ వేస్తడు. వాడు చెడ్డోడని కాదు. కార్ఖానా సేట్లు కిరాయి బరువును బట్టి ఇవ్వరు, ఖేపును బట్టి ఇస్తరు. రెండు ఖేపుల మాలు ఒక ఖేపుల పట్టిస్తే సేటుకు కిరాయి మిగులు. వద్దంటే ఇంకో బండోడు నిలబడే ఉంటడు.

వాన్ని తీసుకొని కమాన్ దుకాణం చాచా దగ్గరికి పోయిన. ఎడమ చెయ్యి మణికట్టు కాడ వంకరైంది ఆయనకు, సుత్తె పని వల్లనే. బండి కిందికి వంగి టార్చి వేసి చూసి నవ్విండు. కింది పట్టీ విరిగి రెండు ముక్కలైంది. షాకులు రెండు నూనె కారి ఎండిపోయినయ్. బుష్‌ల రబ్బరు పిండి లెక్క రాలుతుంది.

ఫోన్‌ల వీడియో చూపిస్తే చాచా చెప్పిన మాట వాడు ఎట్ల విన్నడో గని, నేను మటుకు మర్చిపోలేను. ఆ అమెరికా బండికి ముందర ఇరుసు కడ్డీ లేదు. ఒక్కో చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పట్టుకొని ఉంటయ్. చక్రం ముందుకు పోకుండ, వెనక్కి పోకుండ చూసేది ఆ చేతులు. స్ప్రింగు పని ఒక్కటే, బరువు మోసుడు. అందుకే పాతది పీకి కొత్తది పెట్టొచ్చు. మన బండికి ముందర ఒకే ఇరుసు, రెండు పక్కల కమాన్ కట్టలు. ఇక్కడ కమాన్ బరువు మోస్తది, ఇరుసును దాని జాగల పట్టుకొని కూడ ఉంటది. బ్రేకు వేస్తే ఇరుసు వెనక్కి పోకుండ ఆపేది అదే. కమాన్ తీసి కాయిల్ పెడితే బరువైతే మోస్తది, ఇరుసును ఎవరు పట్టుకోవాలె?

"సరే, కాయిల్ వద్దు, ఒక పట్టీ ఎక్కువ వెయ్యి చాచా" అన్నడు మావోడు.

దానికీ జవాబు ఉంది చాచా దగ్గర. ఈ బండి ముందర పట్టీలు పాత లారీ పట్టీల లెక్క కావు. నడుమ లావు, చివరలకు సన్నం. ఒకదానికొకటి నడుమ, చివరల తప్ప తాకవు. వాటి నడుమ మామూలు పట్టీ దూర్చితే రుద్దుకొని రెండూ పోతయ్. ఇంక లావు పట్టీ వేద్దామంటే, పొడుగు వెడల్పు అదే ఉంచి 8 మిల్లీమీటర్ల పట్టీ జాగల 10ది వేస్తే గట్టిదనం కొంచెం కాదు, దాదాపు రెండింతలు అయితదట. అప్పుడు ఖాళీ బండి గుంతల మీద కప్ప లెక్క ఎగురుతది. చక్రం నేల మీద ఆనకపోతే స్టీరింగు ఎక్కడిది, బ్రేకు ఎక్కడిది?

"పట్టీ వంగకుంటె చాసీ వంగుతది" అన్నడు. ఇంత మాట చెప్పి చాయ్ తాగబోయిండు.

ఆ మాట వినంగనే నాకు సాంచె డబ్బా యాదికొచ్చింది. సాంచె నడిపినోళ్ళకు తెలుసు. షటిల్ ఈ పక్క డబ్బాల నుంచి ఆ పక్క డబ్బాలకు నిమిషానికి వంద సార్లకు మీదనే ఉరుకుతది. వచ్చిన షటిల్ను డబ్బాల ఒక వంపు పట్టీ స్ప్రింగుతోని అదిమి పట్టి మెల్లగ ఆపుతది. వెనక తోలు పట్టా ఉంటది. స్ప్రింగు వదులైతే షటిల్ డబ్బా చివరకు కొట్టుకొని వాపసు వస్తది, సాంచె ధడ్ మని ఆగుతది. అట్లని కొత్త పిల్లలు స్ప్రింగు మొత్తం బిగిస్తరు. అప్పుడు షటిల్ బయటికి రావడానికే ఎక్కువ దెబ్బ కావాలె. దెబ్బ పెంచితే కొట్టే కట్టె విరుగుతది, పట్టా తెగుతది. ఒకసారి అట్ల బిగించిన సాంచె నుంచే షటిల్ ఎగిరి మా ఖాతాల ఒకాయన కన్నుకు తగిలింది. ఆయన ఎడమ కన్ను మళ్ళ రాలేదు. ఆ సాంచె బిగించింది నేనే కాదు గని, బిగించినోని పక్క సాంచె నాది. చెప్పాల్సింది, చెప్పలేదు. బోనస్ కోసం అందరం తాగాలు ఎక్కువ తీయాలని చూస్తున్నం ఆ నెల.

ఇది మావోనికి అదివరకు ఎన్నడూ చెప్పలేదు. ఆ రోజు చాచా దుకాణం ముందర చెప్పిన. వాడు ఏం అనలేదు. "సరే, కంపెనీ పట్టీలే వేద్దాం" అన్నడు. వాడు ఒప్పుకున్నడో, నా మొఖం చూసి ఊకున్నడో తెల్వదు.

కాగితాల సంగతి కూడ ఉంది, చిన్నగ చెప్త. బండి పుస్తకంల ఉన్నదానికి వేరేగ బండిని మార్చొద్దని 1988 మోటారు చట్టం 52వ సెక్షన్ల ఉందని ఇన్సూరెన్సు పని చేసే మా మేనల్లుడు చెప్పిండు. ఎనిమిదేండ్లు దాటిన కిరాయి బండికి ఏటా ఫిట్‌నెస్ చూపించాలె. ఓవర్‌లోడుకు చట్టంల జరిమానా 2019ల 20 వేలు చేసిండ్రు, ఆపైన ఎక్కువైన టన్నుకు 2 వేలు. నా పింఛను నెలకు వెయ్యి చిల్లర.

నూలు పున్నమి నాడు మార్కండేయ స్వామి రథం పోయింది. ఆ తరువాతి ఆదివారం ఇంటి ముందరనే పని పెట్టుకున్నం. కూలి మిగులుతదని. సామాను కొత్తదే తెచ్చినం: రెండు పక్కల పట్టీలు, బుష్‌లు, యూ బోల్టులు, షాకులు. ఒక పక్కనే మారిస్తే బండి ఒరుగుతదని రెండూ మార్చుడు. యూ బోల్టులు పాతవి మళ్ళ వాడొద్దు, ఒకసారి సాగినవి మళ్ళ పట్టవు.

వెనక చక్రాలకు రాళ్ళు పెట్టి, గేరుల ఉంచి, చక్రాల నట్లు నేల మీదనే వదులు చేసి ముందర ఎత్తినం. చాసీ కింద పెట్టే స్టాండ్లు పక్క గల్లీ మెకానిక్ ఇస్తనన్నడు, ఇంకా రాలేదు. మావోనికి ఆత్రం. "జాక్ ఉంది గదా" అని కిందికి దూరబోయిండు. నేను విప్పిన చక్రాన్ని చాసీ కింద పండబెట్టి, "ఇది పెట్టినంకనే పో" అన్న. వాడు చిరాకు పడ్డడు. నీకు సాంచెలే తెలుసు, బండి ఏం తెలుసు అన్నడు. పెట్టినంక కిందికి పోయి షాక్ నట్టుకు పానా వేసి గుంజిండు.

మా గల్లీ కొత్తగ తవ్వి పూడ్చింది. వానకు మన్ను మెత్తగయింది. జాక్ ఒక పక్కకు కుంగి, ఒరిగి, జారింది. బండి దిగింది. ఎంత సేపు పట్టిందో చెప్పలేను, అరవడానికి కూడ టైం లేదు. చాసీ వచ్చి ఆ పండబెట్టిన టైరు మీద కూసుంది. దాని కింద మావోని ఛాతికి చాసీకి నడుమ జానెడు సందు. మా ఇంటామె చాయ్ గ్లాసులు పట్టుకొని గడపల నిలబడ్డది, అవి కింద పడ్డ చప్పుడు వినబడ్డది నాకు. వాడు పాక్కుంట బయటికొచ్చి అరుగు మీద కూసున్నడు. వాని చేతుల పానా అట్లనే ఉంది. గంట సేపు ఎవరం బండి ముట్టలేదు.

తమ్ముండ్లారా, జాక్ అనేది ఎత్తడానికి, నిలబెట్టడానికి కాదు. ఇటుకలు అసలు పెట్టొద్దు, పగులుతయ్.

స్టాండ్లు వచ్చినయ్. జాక్ కింద పాత సాంచె చెక్క పలక వేసినం, మన్నుల దిగకుండ. అటెన్క పని నిమ్మళంగ నడిచింది. పాత బుష్‌లు సుత్తెతో కొట్టి తీసుడే రెండు గంటలు. కొత్త కట్ట పెట్టేటప్పుడు నడిమి బోల్టు తల ఇరుసు మీద ఉన్న గుంతల సరిగ్గ కూసుండాలె, కూసుండకపోతే ఇరుసు వంకరై బండి ఒక పక్కకు గుంజుతది. అది కూసునే చప్పుడు 'టక్' అని నేనే విన్న, వానికి వినబడలేదు. యూ బోల్టులు ఒక్కటే బిగించకుండ ఎదురెదురుగ కొంచెం కొంచెం బిగించినం. కొత్త షాకులను నిలబెట్టి ఐదారు సార్లు గుంజి, ఒత్తి, లోపల గాలి పోయినంక పెట్టినం. చివర పిన్నుల నట్లు మటుకు బండి చక్రాల మీద దిగినంకనే గట్టిగ బిగించినం. గాలిల బిగిస్తే రబ్బరు మెలితిరిగి ఉండిపోతది. ఇది చాచా రెండుసార్లు చెప్పి పంపిండు.

చీకటి పడ్డది. బండి ముందర మూల పట్టుకొని ఇద్దరం కిందికి ఒత్తి వదిలినం. ఒకసారి లేచి నిలబడ్డది, మళ్ళ ఊగలేదు. తెల్లారి అలైన్‌మెంటు చేయించుకొచ్చిండు.

ఇప్పుడు 750 కిలోలే వేస్తున్నడు. సేట్లతోని మాట్లాడడానికి నేను కూడ పోయిన. ఒకాయన మా మిల్లు మనిషి కొడుకే, రెండు ఖేపులకు ఖేపున్నర కిరాయి ఇస్తనన్నడు. ఇంకో ఆయన వినలేదు, వేరే బండి పెట్టుకున్నడు. దాంతోని నెలకు ఆమ్దానీ తగ్గింది. ఈ నెల కిస్తుకు మా ఇంటామె భీసీ పైసలు తీసి ఇచ్చింది. వచ్చే నెల ఏం చెయ్యాలె అన్నది ఇంకా మాట్లాడుకోలేదు.

పొద్దుగాల ఐదున్నరకు వాడు బండి తీస్తడు. నేను అరుగు మీదనే ఉంట. గల్లీ చివర స్పీడ్ బ్రేకర్ దగ్గర చప్పుడు కోసం చూస్త. ఇప్పుడు ఎక్కుతది, దిగుతది, అంతే. 500 కిలోమీటర్లు తిరిగినంక యూ బోల్టులు మళ్ళ ఒకసారి బిగించాలన్నడు చాచా. మీటరు చూసిన, ఎల్లుండి ఆదివారానికి అయితయ్. స్టాండ్లు ముందే తెచ్చి పెట్టుకున్న.