బురదలో దాగిన ఆకుకూర

ఫెర్న్ అనగానే కొండవాగులూ, చిత్తడి అడవులూ గుర్తొస్తాయి. ఎండలకు పేరుమోసిన కర్నూలు, కడప పల్లెల్లో దానికేం పని? ఉంది... పప్పులో పని! వరిమడిలో, చెరువు అంచున బురదలో సన్నని కాడ చివర నాలుగు ఆకులతో కనిపించే చిక్లింత కూర అచ్చంగా ఫెర్నే. పూయదు. లేత ఆకు చుట్ట చుట్టుకుని పుడుతుంది. పొద్దుగూకితే నాలుగు ఆకులూ ముడుచుకుంటాయి. దీన్ని పులిచింత అనుకునేవారూ ఉంటారు గానీ, దానికి మూడే ఆకులు. పైగా నమిలితే పులుపు.

సీమ చెరువులో ఏడాదంతా నీళ్లుంటాయన్న నమ్మకం లేదు. పోరుమామిళ్ల చెరువు కోసం రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేశాయని 1369 నాటి శాసనం చెబుతోంది. నీటిని దాచుకోవడానికి మనుషులు పడ్డ పాట్లవి. చిక్లింతది ఇంకో దారి. తన సిద్ధబీజాలను మిరియపు గింజలాంటి గట్టి తిత్తిలో పెట్టి బురదకు అప్పగిస్తుంది. చెరువు ఎండి నెర్రెలిచ్చినా ఆ తిత్తి చావదు. ఏళ్ల తర్వాత తడి తగిలినా మొలకెత్తగలదు.

వండటం పెద్ద విద్యేం కాదు. లేత ఆకులు కోసి, బురద పోయేదాకా మూడు నాలుగు నీళ్లలో కడిగి, కందిబేడలు, పచ్చిమిరపకాయలు, చింతపండు వేసి ఉడికించి ఎనిపితే సరి. వేడి సంగటిలోకి బాగుంటుంది. బెంగాలీలు దీన్నే శుష్ని శాకం అంటారు, నిద్ర పట్టిస్తుందని వండుకుంటారు.

పచ్చిగా మాత్రం వద్దు. 1861లో ఆస్ట్రేలియా ఎడారిలో చిక్కుకున్న బర్క్, విల్స్ అనే అన్వేషకులు దీని దగ్గరి చుట్టమైన నార్దూ పిండిని నమ్ముకున్నారు. తింటూనే చిక్కి శల్యమై చనిపోయారు. అందులో బి1 విటమిన్‌ను పాడుచేసే ఎంజైమ్ ఉండటమే కారణం కావచ్చని తర్వాతి పరిశోధకుల అంచనా. దాన్ని వాడే పద్ధతి తెలిసిన అక్కడి ఆదివాసుల పంచన చేరిన కింగ్ ఒక్కడే బతికి బయటపడ్డాడు. అందుకే బాగా ఉడికించాలి, అదీ రోజూ కాకుండా ఎప్పుడైనా ఒక పూట.

రైతుకు ఇది కలుపే, తప్పుపట్టలేం. కానీ ఆ కలుపు తీసే ఆడకూలీలకు అదే ఆ పూట కూర. పీకినదాంట్లో నాలుగు పిడికిళ్లు ఒడిలో వేసుకుంటే సంతకు పోయే పని తప్పేది. కలుపుమందు డబ్బా వచ్చాక వాళ్లకు కూలీ తగ్గింది, కూరా తగ్గింది. మందు కొట్టిన మడిలో బతికి మిగిలిన ఆకును కోయకపోవడమే క్షేమం. మందు తగలని చోటు నుంచి వేర్లతో నాలుగు తీగలు తెచ్చి, పాత తొట్టిలో బురదమన్ను పోసి, రెండంగుళాల నీళ్లు నిలిపితే ఇంటి దగ్గరే పాకుతుంది.