కలివికోడి జాడలో

కడప నుండి బద్వేలు వెళ్ళే దారిలో లంకమల కొండలున్నాయి. ఆ కొండల దిగువన ముళ్ళపొదల అడవి. ఇటీవల మేము పిల్లలతో కలిసి అక్కడికి వెళ్ళాము. ఒక పిట్ట తిరిగిన చోటు చూడాలని మా కోరిక.

దాని పేరు కలివికోడి. పొడవు సుమారు 27 సెంటీమీటర్లు. ఒళ్ళు గోధుమరంగు, రొమ్ముపై రెండు పట్టీలు. పగలు పొదల చాటున ఉండి, రాత్రి మేతకు వస్తుంది. 1900 తరువాత ఎవరికీ కనబడకపోవడంతో అది అంతరించిందనే అందరూ అనుకున్నారు.

బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ గారు మాత్రం దాని బొమ్మ పట్టుకుని ఈ పల్లెల్లో విచారించారు. 1986 జనవరిలో ఐతన్న అనే వేటగాడు రాత్రివేళ టార్చిలైటు వెలుగులో ఒక పిట్టను పట్టి తెచ్చాడు. అది కలివికోడే! పండితులు లేదనుకున్న దానిని పల్లెవాడు చూపించాడు. అయితే పట్టుబడిన ఆ పిట్ట కొద్ది రోజులకే చనిపోయింది.

తరువాత వచ్చినవారు పిట్టను ముట్టకుండానే దాని జాడ తెలుసుకోవడం నేర్చుకున్నారు. పొదల మధ్య మెత్తని మట్టి పరచి, తెల్లవారాక అడుగుల గుర్తులు వెదికేవారు. దీని కాలికి వెనుకవేలు ఉండదు, మూడు వేళ్ళే. పొద్దుగూకిన ముప్పావు గంటకు కొద్ది నిమిషాలు కూస్తుంది. ఆ కూతకోసం చెవి యొగ్గి కూర్చునేవారు. 1988లో ఈ అడవి అభయారణ్యమైంది. అయినా పొదలు నరికివేయడం వలన దాని తావు తరిగిపోయింది. ఏండ్ల తరబడి జాడ లేకపోయి, చివరకు 2025 ఆగస్టులో పక్షి ప్రియులు మళ్ళీ దాని కూత విని రికార్డు చేశారు.

దారిలో కలిసిన గొర్రెల కాపరి పెద్దాయనను అడిగాము. "అది ఎగిరేది తక్కువయ్యా, పొదల సందున పరుగెత్తుతాది. కొట్టేసిన చోట ఇంక రాదు" అన్నాడు.

చీకటి పడేవరకు రోడ్డు ప్రక్కనే నిలిచాము. కూత వినబడలేదు. "పిట్ట రాలేదే నాన్నా" అని మా చిన్నవాడు చిన్నబోయాడు. "రాకపోయినా ఫర్వాలేదురా, దానికి పొదలుంటే చాలు" అన్నాము.

చదువరులారా, మేకలు తోలేవారు, రాత్రి పొలానికి నీరు కట్టేవారు మీలో ఎందరో ఉన్నారు. మీకు తెలిసినంత పుస్తకాలకు తెలియదు. అరుదైన పిట్ట కనబడితే పట్టుకోకండి, రాయి విసరకండి. ఎక్కడ, ఏ వేళ, ఎలా ఉన్నదో గుర్తుంచుకుని అటవీశాఖ వారికి తెలియజేయండి. వేటగాళ్ళ చెవిన మాత్రం వేయకండి. ఐతన్న చూపించబట్టే కలివికోడి ఉన్నదని లోకానికి తెలిసింది. ఇక అది బ్రతికి ఉండేలా చూడవలసింది మనమే.