సాథ్ కౌన్ జారై?

మన ఇళ్ళల్లో ఆడపిల్ల గడప దాటుతుంటే మొదట వినబడే సవాల్ ఎక్కడికని కాదు. "సాథ్ కౌన్ జారై?" తోడు ఎవరు వెళ్తున్నారు? దర్జీ దుకాణానికైనా, దవాఖానాకైనా, కాలేజీకైనా ఇదే సవాల్. తమ్ముడికి తొమ్మిదేళ్ళుంటే చాలు, పందొమ్మిదేళ్ళ అక్కకి వాడే హిఫాజత్. రోడ్డు మీదికి వచ్చాక వాడి చెయ్యి పట్టుకుని దాటించేది మాత్రం ఆ అక్కే.

ఈ సవాల్ మా ఖాందాన్‌లో మళ్ళీ లేచింది. చిత్తూరులో ఉండే మా భాయ్‌జాన్ కూతురికి తిరుపతి పద్మావతి మహిళా యూనివర్సిటీలో పీజీ సీటు వచ్చింది. 1983లో ఆడవాళ్ళ కోసమే పెట్టిన యూనివర్సిటీ కాబట్టి క్యాంపస్ గురించి ఎవరికీ ఫికర్ లేదు. హాస్టల్ దొరికేదాకా రోజూ వెళ్ళిరావాలి. ఫికరంతా మధ్యలో ఉన్న డెబ్భై కిలోమీటర్ల మీద, అంతకన్నా ఎక్కువగా బస్సు దిగాక ఇంటికి నడవాల్సిన అర కిలోమీటరు మీద.

ఖర్చు మాట లేదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు కదా. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టిస్తాడు. సరిహద్దు జిల్లావాళ్ళం, మనకిది కొత్త ముచ్చట కాదు. వేలూరు ఖాలావాళ్ళు 2021 నుంచే టౌను బస్సుల్లో ఊరికే తిరుగుతున్నారు. కోలారు ఫుప్పువాళ్ళకి 2023లో వచ్చింది. షాదీల్లో కలిసినప్పుడు వాళ్ళు గొప్పలు చెబుతుంటే మనవాళ్ళు మూతి ముడుచుకుని విన్నారు.

ఈ పథకం గురించి డబ్బు లెక్కలే అందరూ మాట్లాడుతున్నారు. నాకు కనబడిన ఫాయిదా ఇంకొకటుంది. చీకటి పడ్డాక తిరుపతి నుంచి పాకాల మీదుగా వెళ్ళే బస్సులో ఇదివరకు ఇద్దరో ముగ్గురో ఆడవాళ్ళం ఉండేవాళ్ళం. ఒకళ్ళనొకళ్ళం కళ్ళతో వెతుక్కుని పక్కపక్కన కూర్చునేవాళ్ళం. చంద్రగిరిలో ఒకామె దిగిపోతే గుండె గుబేలుమనేది. ఇప్పుడు అదే వేళకి సగం బస్సు ఆడవాళ్ళే. పూల గంపలు, టిఫిన్ క్యారియర్లు, నిద్రపోతున్న పిల్లలు. ఆ బస్సులో ఒంటరిగా ఉన్నానని ఏ పిల్లకీ అనిపించదు. తోడు ఎవరని అడిగితే, ఈ నలభై మందీ అని చెప్పొచ్చు. కాకపోతే పొద్దున పూట కాలు పెట్టే జాగా ఉండదు. ఆ ఇరుకులో చేతులకి పని దొరికే మగాళ్ళూ ఉంటారు. పథకం ఇచ్చినవాళ్ళు బస్సులు కూడా పెంచాలి. అది వేరే బహస్.

నేను చిత్తూరులో పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. తర్వాత తెలుగులో డిగ్రీ చేశాను. "తురకల పిల్ల తెలుగు చదువుతుందా?" అని కాలేజీలో అడిగితే, "తెలుగు పఢ్‌కే క్యా కరేగీ?" అని ఇంటి దగ్గర అడిగేవాళ్ళు. రెండు వైపులా సంజాయిషీ ఇచ్చుకుంటూ తిరిగే రోజులవి. చదువు కోసం తిరుపతికి వెళ్ళివచ్చే కాలంలో ఒక సాయంత్రం బస్సులో వెనక సీటు నుంచి ఒక చెయ్యి వచ్చింది. మొదటిసారి, పొరపాటున తగిలిందేమో అనుకుంటాం. రెండోసారి తెలిసిపోతుంది. నఖాబ్‌కి పెట్టుకున్న పిన్ను తీసి గుచ్చాను. గట్టిగా. ఆ మనిషి కెవ్వుమని, బస్సంతా తిరిగి చూస్తే, దోమ కుట్టిందన్నాడు. తర్వాతి స్టాపులో దిగిపోయాడు.

ఇంటికి వెళ్ళి ఆ మాట చెప్పలేదు. చెబితే ఏమయ్యేదో నాకు బాగా తెలుసు. అబ్బా నా మీద కోప్పడేవారు కాదు, పాపం. రాత్రంతా పడుకోకుండా తస్బీహ్ తిప్పుకుంటూ కూర్చుని, ఫజర్ తర్వాత మెల్లగా, "బస్ బేటా, చదివింది చాలు" అనేవారు. అమ్మీ కళ్ళు తుడుచుకునేది. ఖాలావాళ్ళు ఒక రిష్తా తెచ్చేవాళ్ళు. ఎవడో చెయ్యి వేసినందుకు శిక్ష నా కితాబులకి పడేది. చెప్పలేదు కాబట్టే చదువుకున్నాను. ఈ రోజైనా అదే చేస్తాను.

ఇన్నేళ్ళు విలేకరిగా ఎంతమంది అమ్మాయిలతో మాట్లాడానో లెక్క లేదు. బురఖా వాళ్ళూ, బొట్టు పెట్టుకున్నవాళ్ళూ, శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్టులకి వెళ్ళేవాళ్ళూ. అందరిదీ ఒకటే మాట. రోడ్డు మీద జరిగింది ఇంట్లో చెబితే రోడ్డే బందవుతుంది. అందుకే "మా పిల్ల ఎప్పుడూ ఏమీ చెప్పలేదు, అంటే అంతా ఖైరియతే" అనుకునే అబ్బాజాన్‌లని చూస్తే నాకు భయం. చెప్పకపోవడానికి ఇంకో మతలబ్ ఉండొచ్చు.

బురఖా సంగతి కూడా అనేస్తాను, నారాజ్ అయ్యేవాళ్ళు అవుతారు. అది వేసుకుంటే హిఫాజత్ అని మనం పిల్లలకి చెబుతాం. కొంత నిజమే, నా మటుకు నాకు అందులో ఒక సుకూన్ ఉంది. కానీ బస్సులో వచ్చిన ఆ చెయ్యి బురఖా చూసి ఆగలేదు. పైగా ఎవరు ఏ ఊరి దృష్టితో చూస్తారో తెలియని కాలం, వందమందిలో మనల్ని ముందు గుర్తుపడతారు. బురఖా ఉన్నా లేకపోయినా పిన్ను మాత్రం ఉంచుకోమంటాను.

తిరుపతి విచిత్రమైన షహర్. అర్ధరాత్రి రెండింటికి కూడా సెంట్రల్ బస్టాండు చుట్టూ, రైల్వేస్టేషన్ ముందూ జనమే. గుండ్లు కొట్టించుకున్న తండ్రులు, చాపల మీద నిద్రపోతున్న అవ్వలు, పాలసీసా కోసం ఏడ్చే పసివాళ్ళు. నైట్ డ్యూటీ ముగించుకుని ఆ గుంపులోంచి నడిచేటప్పుడు నాకెప్పుడూ భయం వేయలేదు. కుటుంబాలు నిద్రపోయే చోట ఆడదానికి ఒక ఇత్మినాన్ ఉంటుంది. అక్కడి నుంచి రెండు సందులు లోపలికి వెళ్తే ఊరు మారిపోతుంది. శ్రీనివాస సేతు వచ్చాక పైన వాహనాలు రయ్యిన పోతున్నాయి, కింద కొన్నిచోట్ల స్తంభాల చాటున నీడలు మిగిలాయి. ఏ మలుపులో వెలుతురుంది, ఏ టీ బంకు పదింటిదాకా తెరిచి ఉంటుంది, ఏ సందులో కుర్రాళ్ళు బైకుల మీద కూర్చుంటారు... ఈ నక్షా ప్రతి ఆడపిల్ల మెదడులో గీసి ఉంటుంది. మగవాళ్ళకి అలాంటిదొకటి ఉందని కూడా తెలియదు.

షేర్ ఆటోలో మలుపు తేడాగా అనిపిస్తే ఫోన్ చెవికి పెట్టుకుని, "హౌ అబ్బా, లీలామహల్ కనే ఆగయీ, ఆప్ బాహర్ ఆవ్" అని గట్టిగా అనడం మా అందరికీ వచ్చు. అవతల ఎవరూ ఉండరు. అబ్బా చనిపోయాక కూడా నేను అలా మాట్లాడాను.

ఆటోవాళ్ళందరూ ఒకటే అనను. మా మామూ ఏళ్ళ తరబడి ఆటో నడిపాడు. రాత్రి ఆడమనిషిని దించితే డబ్బులు తీసుకుని వెంటనే వెళ్ళేవాడు కాదు. హెడ్‌లైట్ ఆమె గుమ్మం మీదికి తిప్పి, తలుపు తెరుచుకుని, ఆమె లోపలికి వెళ్ళేదాకా ఆగేవాడు. "పెట్రోలు దండగ కాదా మామూ?" అంటే, "మన పిల్లలు కూడా ఎవడో ఆటోలో వస్తుంటారు కదా" అనేవాడు.

2012 డిసెంబరులో ఢిల్లీ, 2013లో మాదాపూర్ నుంచి క్యాబ్‌లో ఎత్తుకెళ్ళిన సాఫ్ట్‌వేర్ అమ్మాయి, 2019 నవంబరులో శంషాబాద్ టోల్‌గేట్ దగ్గర దిశ. ప్రతిసారీ కొన్నాళ్ళు ఇంట్లో పిల్లల్ని బయటికి పంపలేదు. దిశ ఇంటివాళ్ళు ఆ రాత్రి పోలీసుల దగ్గరికి వెళ్తే, ఇది మా హద్దు కాదు, మీరు ఆ స్టేషన్‌కి వెళ్ళండి అన్నారు. తర్వాత నలుగురు నిందితుల్ని కాల్చేస్తే మిఠాయిలు పంచారు. ఆ కాల్పులు కావాలని చేసినవేనని 2022లో సిర్పూర్కర్ కమిషన్ చెప్పినప్పుడు ఎవరూ పెద్దగా వినలేదు. మన రాష్ట్రంలో దిశ బిల్లు పాసైంది, రాష్ట్రపతి ముద్ర పడక అమలు కాలేదు. యాప్ మాత్రం వచ్చింది. ఇప్పుడు దాని జాగాలో 2025 మార్చి 8 నుంచి శక్తి యాప్ ఉంది. పిల్లల ఫోన్లలో వేయించండి, 112, 181 నంబర్లు నేర్పించండి. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే, దాన్ని జీరో ఎఫ్ఐఆర్ అంటారని చెప్పండి. ఇప్పటి చట్టంలో అది రాసే ఉంది.

మహ్రమ్ మాట ఎత్తకుండా ఇది పూర్తి కాదు. భాయ్‌జాన్ కూడా అదే ఎత్తాడు. మహ్రమ్ లేకుండా సఫర్ వద్దనే హదీసులున్నాయి, వాటి మీద ఉలమాల మధ్య బహస్ ఉంది. నేను ఆలిమాను కాను. కానీ సహీ బుఖారీలోనే అదీ బిన్ హాతిమ్ చెప్పిన హదీసు ఒకటుంది. దారిదోపిడీలు ఎక్కువయ్యాయని ఒకతను ఫిర్యాదు చేస్తే, నువ్వు బతికి ఉంటే హీరా నుంచి ఒక ఔరత్ ప్రయాణం చేసి వచ్చి కాబా తవాఫ్ చేయడం చూస్తావు, అల్లాహ్‌కి తప్ప ఆమె ఎవరికీ భయపడదు అని హుజూర్ (స.అ.స.) అదీతో అన్నారు. మరి మా తయ్ తెగ దొంగలు ఎక్కడికి పోతారని అదీకి అప్పుడు షక్. తర్వాత ఆ దృశ్యాన్ని ఆయన కళ్ళారా చూశారు. రాజ్యం బాగుందని చెప్పడానికి ఇచ్చిన నిషానీ ఒక ఆడమనిషి ప్రయాణం. 2018 నుంచి మన దేశంలో నలభై ఐదు దాటిన ఆడవాళ్ళు జట్టుగా, మహ్రమ్ లేకుండా హజ్‌కి వెళ్తున్నారు. మక్కాకి వెళ్ళగలిగినవాళ్ళు మదనపల్లెకి వెళ్ళలేరా అని భాయ్‌జాన్‌ని అడిగాను.

భాయ్‌జాన్ చాలాసేపు మాట్లాడలేదు. భాబీయే అడిగింది, "నీకు భయంగా లేదా బేటీ?" అని. పిల్ల అంది, "ఉంది అమ్మీ. బస్సులో ఏమైనా అయితే మీకు చెప్పాలంటే ఎక్కువ భయం." ఆ మాటకి భాయ్‌జాన్ తల ఎత్తాడు. ఇషాకి వెళ్ళి వచ్చి, పిల్లని పిలిచి చెప్పాడు: ఏం జరిగినా వచ్చి చెప్పు, చెప్పినందుకు పఢాయీ బంద్ కాదు, ఇది నా జుబాన్. మా అబ్బా దగ్గర నాకు దొరకని జుబాన్ అది.

ఇప్పుడు పిల్ల రోజూ వెళ్తోంది. పాకాల దగ్గర ఎక్కే ఇద్దరమ్మాయిలు దోస్తులయ్యారు. రెండో వారంలోనే ఒక సంగతి వచ్చి చెప్పింది. బస్సు దిగే మలుపు నుంచి ఇంటిదాకా మూడు స్తంభాల్లో ఒక్కటీ వెలగడం లేదని, అక్కడ ఒకడు వెనక వెనక వస్తున్నాడని. భాయ్‌జాన్ వారం రోజులు ఆ మలుపులో వెళ్ళి నిలబడ్డాడు, వాడు మళ్ళీ కనబడలేదు. భాబీ వీధిలో ఆడవాళ్ళందరితో సంతకాలు చేయించి సచివాలయంలో అర్జీ ఇచ్చింది. తెలుగులో అర్జీ రాసింది నేనే. రెండు లైట్లు వేశారు. మూడో దానికోసం సోమవారం మళ్ళీ వెళ్తున్నారు.