కేబుల్ తీసేద్దామా వదినా?

2025లో కార్తీకం వచ్చినా బెంగళూరు మీద మబ్బు వీడలేదు. తెల్లవారుజామున తులసికోట దగ్గర దీపం పెట్టడానికి శాలువా కప్పుకుని వెళ్లాల్సి వచ్చేది. గాంధీ బజారులో ఉసిరికాయలు దిగాయి. చివరి కార్తీక సోమవారం నవంబరు 17న పడింది కాబట్టి బసవనగుడిలో బసవన్న గుడి చుట్టూ కడలెకాయి పరిషె, అంటే వేరుశనగల జాతర, ఆ రోజే మొదలైంది. పచ్చి వేరుశనగ, వేయించినవి, ఉడకబెట్టినవి అన్నీ దొరుకుతాయి. బండి తీసుకెళ్లకండి, నేషనల్ కాలేజీ మెట్రో స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లండి.

అసలు కబురుకి వస్తాను. ఆ పండగల్లో మా మహదేవపుర వైపు తెలుగువాళ్లు ఏ పేరంటంలో కలిసినా ఒకటే మాట: "మీరు కేబుల్ ఉంచారా, తీసేశారా?"

ఇదంతా ఆ ఏడాది దసరాకి మొదలైంది. సెప్టెంబరు 22న, నవరాత్రులు మొదలైన రోజునే, 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఎన్నాళ్లనుంచో వాయిదా వేసుకున్నవాళ్లందరూ ఒక్కసారి కొన్నారు. మా అపార్ట్‌మెంటులో లిఫ్టు పక్కన అట్టపెట్టెలు పేరుకుపోయాయి. వచ్చినవన్నీ స్మార్ట్ టీవీలే, రిమోట్ మీదే యాప్‌ల బొత్తాలు. టీవీ గోడకెక్కిన సాయంత్రమే పక్కింటి చిత్తూరు వదిన అడిగింది, "ఇంట్లో వైఫై ఉంది, టీవీలో అన్నీ ఉన్నాయి, ఇంకా ఆ కేబుల్ డబ్బు ఎందుకు కట్టేది?" అని. మంచి ప్రశ్న. ఇద్దరం కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాం.

ముందు కేబుల్ లెక్క. మన బిల్లులో రెండు భాగాలుంటాయి. మొదటిది కనెక్షన్ రుసుము. 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలైన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పద్ధతిలో దీనికి 130 రూపాయల పరిమితి పెట్టారు. మొదట వంద ఛానెళ్లకు, తర్వాత రెండు వందలకు. రెండోది మనం ఎంచుకున్న పే ఛానెళ్ల ధర. ఇప్పటి నిబంధన ప్రకారం 19 రూపాయలు దాటిన ఛానెల్‌ను ప్యాకేజీలో కలపకూడదు. మన నాలుగు పెద్ద తెలుగు ఛానెళ్లు, స్టార్ మా, జీ తెలుగు, జెమినీ, ఈటీవీ, విడివిడిగా ఒక్కోటి 19 వేసుకున్నా 76. దానికి 130 కలిపి, 18 శాతం జీఎస్టీ చేరిస్తే నెలకు 243 రూపాయలు. వదిన ఇంటికి వచ్చే బిల్లు మాత్రం నాలుగు వందలు దాటుతోంది. ఎందుకా అని చూస్తే, పిల్లలు పెద్దవాళ్లైపోయినా పిల్లల ఛానెళ్లు, ఎవరూ చూడని ఇంగ్లీషు సినిమాల ఛానెళ్లు, ఏదో ప్యాకేజీలో కలిసి ఏళ్ల తరబడి నడుస్తూనే ఉన్నాయి. ఛానెళ్లు మనమే ఒక్కొక్కటిగా ఎంచుకోవచ్చన్న సంగతి ఇన్నేళ్లైనా చాలామందికి తెలియదు. ఇంకోటి కూడా గుర్తుంచుకోండి, ఆ 130 పరిమితిని 2024 జులైలో ట్రాయ్ ఎత్తేసింది. మీ ఆపరేటరు ఎంత వేస్తున్నాడో బిల్లు ఒకసారి తిరగేయండి.

ఇప్పుడు రెండో వైపు. నెట్‌ఫ్లిక్స్ టీవీలో చూడాలంటే తక్కువలో తక్కువ నెలకు 199. 149ది ఫోనుకే పనికొస్తుంది. అమెజాన్ ప్రైమ్ ఏడాదికి 1,499, అంటే నెలకు 125. 2025 జూన్ నుంచి అందులోనూ ప్రకటనలు వస్తున్నాయి, అవి వద్దంటే ఏడాదికి ఇంకో 699. జియో హాట్‌స్టార్ 2025 ఫిబ్రవరిలో కొత్త పేరుతో వచ్చినప్పుడు పెట్టిన ధరల్లో టీవీకి పనికొచ్చే సూపర్ ప్లాను ఏడాదికి 899 ఉండేది, అంటే నెలకు 75. ఆ లెక్కన మూడూ కలిపితే నెలకు దాదాపు 400. వదిన కేబుల్ బిల్లు ఎంతో, ఇదీ అంతే! మూడింటికీ ఏడాది పొడుగునా కట్టేవాళ్లు కేబుల్ తీసేసినందువల్ల మిగుల్చుకునేది ఏమీ లేదు.

ఇంటర్నెట్ బిల్లు ఇంకా కలపలేదు. ఇంటి నుంచి ఆఫీసు పని చేసేవాళ్లకు ఎలాగూ ఉండాలి కాబట్టి అది టీవీ ఖాతాలో రాయక్కర్లేదు. ఇంట్లో ఇంటర్నెట్ అవసరమే లేని రిటైరైన దంపతులు, టీవీ కోసమే కొత్తగా 599 ప్లాను పెట్టించుకుంటే జీఎస్టీతో కలిపి 707 అవుతుంది. వాళ్లకి కేబులే చవక. పొదుపు పొదుపు అని పిల్లలు అమెరికా నుంచి ఫోనులో చెప్తున్నారని హొసకోటెలో ఉన్న అమ్మానాన్నలు కేబుల్ పీకించుకుంటే లాభం లేదు.

మన తెలుగువాళ్లకి ఇంకో చిక్కుంది. కేబుల్లో పక్కపక్కనే ఉన్న ఆ నాలుగు ఛానెళ్లు యాప్‌లలోకి వెళ్లేసరికి తలో దారి పట్టాయి. స్టార్ మా సీరియళ్లు, బిగ్ బాస్ కావాలంటే జియో హాట్‌స్టార్. జీ తెలుగుకి జీ ఫైవ్. జెమినీకి సన్ నెక్స్ట్. ఈటీవీకి ఈటీవీ విన్. ఒక్క తీగలో వచ్చిన నాలుగింటికి నాలుగు చందాలు, నాలుగు లాగిన్లు, నాలుగు గడువు తేదీలు. వీటి పక్కన తెలుగుకే అని 2020లో వచ్చిన ఆహా ఉండనే ఉంది.

సినిమాల సంగతీ అంతే. 2025 అక్టోబరు చూడండి. లిటిల్ హార్ట్స్ 1న ఈటీవీ విన్‌లో వచ్చింది. మిరాయ్ 10న జియో హాట్‌స్టార్‌లో, ఓజీ 23న నెట్‌ఫ్లిక్స్‌లో, కాంతార చాప్టర్ 1 నెలాఖరున ప్రైమ్‌లో. నాలుగు సినిమాలు, నాలుగు గుమ్మాలు. అన్నీ థియేటర్లో విడుదలైన నాలుగు వారాలకు అటూఇటూగా వచ్చేశాయి. నలుగురున్న ఇల్లు మల్టీప్లెక్సుకు వెళ్తే ఎంతవుతుందో మీకు చెప్పక్కర్లేదు. టికెట్ 200 మించకూడదని కర్ణాటక ప్రభుత్వం 2025 సెప్టెంబరులో తెచ్చిన నిబంధనను హైకోర్టు ఆ నెలలోనే ఆపింది. అందుకే "నాలుగు వారాలు ఆగుదాం" అనేవాళ్లు మా వైపు పెరిగారు. పెద్ద తెర మీదే చూడాల్సినవి చూడాలనే నేనంటాను. మడివాళ సంధ్య థియేటర్లో మనవాళ్ల మధ్య మొదటి ఆట చూసిన ఆనందం ఏ యాప్ ఇస్తుంది? మిగతావి మాత్రం ఆగి చూసుకోవచ్చు.

కాబట్టి పొదుపు కావాలంటే వంతులు వేసుకోవాలి. అన్నీ ఒకేసారి వద్దు. మా ఇంట్లో ఏడాదికి కట్టేది జియో హాట్‌స్టార్ ఒక్కటే, క్రికెట్టూ సీరియళ్లూ రెండూ అందులో ఉన్నాయి కనుక. నెట్‌ఫ్లిక్స్ చూడాల్సినవి పోగుపడ్డాక ఏడాదిలో రెండు నెలలు తీసుకుంటే చాలు. 2025 ధరల్లో 899కి 398 కలిపితే 1,297. 243 చొప్పున కేబుల్‌కి ఏడాదికి 2,916 అవుతుంది. ఇదీ నిజంగా మిగిలే డబ్బు. అయితే చేరిన రోజే యూపీఐలో ఆటోపే ఆపేయండి. చూడటం మానేసిన యాప్‌కి నెలనెలా డబ్బు కట్ అవుతున్న ఇళ్లు నాకు బోలెడు తెలుసు.

పైసా కట్టకుండా వచ్చేవీ తక్కువేం కాదు. తెలుగు వార్తా ఛానెళ్లు దాదాపు అన్నీ యూట్యూబులో లైవ్ ఇస్తున్నాయి. 2025 సెప్టెంబరు 28న తిరుమల గరుడసేవ మా హాల్లో ఎస్వీబీసీ యూట్యూబు ఛానెల్లోనే చూశాం, పక్కింటివాళ్లూ వచ్చి కూర్చున్నారు. నవంబరులో భక్తి టీవీ కోటి దీపోత్సవమూ అలాగే. ప్రసారభారతి 2024 నవంబరులో వేవ్స్ అని యాప్ తెచ్చింది, దూరదర్శన్ పాత కార్యక్రమాలు అందులో దొరుకుతున్నాయి. నెల చందా అసలే వద్దనుకునేవాళ్లకి 2004 నుంచి డీడీ ఫ్రీ డిష్ ఉంది. డిష్షు, బాక్సు ఒకసారి కొనుక్కుంటే చాలు, దూరదర్శన్ వారి సప్తగిరి, యాదగిరి, చందన వస్తాయి.

బెంగళూరు తెలుగువాళ్లకి యాప్‌ల వల్ల జరిగిన గొప్ప మేలు ఇంకోటి. ఇక్కడ కేబుల్ ప్యాకులన్నీ కన్నడం చుట్టూ అల్లినవి, అది న్యాయమే, వాళ్ల ఊరు. తెలుగు కావాలంటే అదనంగా అడిగి వేయించుకోవాలి. ఇల్లు మారినప్పుడల్లా, ఆపరేటరు మారినప్పుడల్లా మళ్లీ అదే అడగడం. యాప్‌కి రాష్ట్రం సరిహద్దు లేదు. అనంతపురంలో అక్క చూసే ఎపిసోడే ఇక్కడ మనమూ చూస్తున్నాం. తెలుగుకీ కన్నడానికీ మధ్య అటూ ఇటూ రాకపోకలున్నాయి లెండి. ఇవాళ్టి కలర్స్ కన్నడ ఒకప్పటి ఈటీవీ కన్నడే, రామోజీరావు గారి సంస్థ పెట్టిందే. మా వీధిలో కన్నడ ఇళ్లలో తెలుగు సినిమాలు, తెలుగు ఇళ్లలో కన్నడ సీరియళ్లు ఎప్పటినుంచో కలిసే నడుస్తున్నాయి.

అందరూ మరిచిపోయేది ఇంట్లో పెద్దవాళ్లని. మా అత్తగారికి టీవీ అంటే గడియారం. ఈ సీరియల్ అయ్యేసరికి కూర తాలింపు, ఆ సీరియల్ మొదలయ్యేలోగా మాత్ర. రిమోట్‌లో మూడంకెలు నొక్కితే ఛానెల్ రావాలి. యాప్‌లో అయితే ముందు ఎవరి బొమ్మ మీద నొక్కాలో చూడాలి, తర్వాత వెతకాలి, అక్షరం అక్షరం బాణం గుర్తుతో కొట్టాలి, ఈలోపు లాగవుట్ అయితే ఓటీపీ కొడుకు ఫోనుకి వెళ్తుంది, ఆయన వైట్‌ఫీల్డులో మీటింగులో ఉంటారు. "నాకెందుకమ్మా ఇదంతా, మీరు వచ్చాకే పెట్టండి" అని ఆవిడ ఊరుకున్నారు. ఆ మాటకి నాకు చాలా కష్టమనిపించింది. పగలంతా ఇంట్లో ఒక్కరే ఉండే మనిషి, తన టీవీ తాను పెట్టుకోలేక మన రాక కోసం కూర్చోవడమేంటి? నెలకు రెండు వందల నలభై మిగలడం కోసం అలా చేయడం తప్పని నా గట్టి అభిప్రాయం. ఆవిడ గదిలో పాత టీవీకి కేబుల్ ఉంచేశాం, ఆవిడ చూసే నాలుగు ఛానెళ్లే పెట్టించి మిగతా ప్యాకేజీలన్నీ తీయించాం. "మీకు కావాల్సినవన్నీ ఉన్నాయా అత్తయ్యా?" అంటే, "భక్తి ఛానెలు కూడా పెట్టించవూ" అన్నారు. ఉచితంగా వచ్చేదే, అదీ పెట్టించాం.

క్రికెట్ గురించి ఒక్క ముక్క. 2025 నవంబరు 2 అర్ధరాత్రి మన అమ్మాయిలు ప్రపంచకప్పు గెలిచినప్పుడు యాప్‌లో చూసేవాళ్లకి ఒక బాధ తెలిసింది. యాప్ కేబుల్ కంటే కాస్త వెనక నడుస్తుంది. హర్మన్‌ప్రీత్ చివరి క్యాచ్ పట్టిందని కింది అంతస్తులో కేబుల్ ఉన్న ఇంటివాళ్ల కేక మాకు ముందే వినిపించింది, మా తెర మీద దీప్తి ఇంకా బంతి వేయనే లేదు. అయినా ఏం, మన కడప అమ్మాయి శ్రీచరణి ఆ కప్పు పట్టుకుంటే మా హాలంతా లేచి నిలబడింది. టోర్నీ మొత్తంలో 14 వికెట్లు తీసింది, ఆ పిల్ల!

కేబుల్ వాళ్ల మాట కూడా చెప్పాలి. కేబుల్ సంస్థల సమాఖ్య, ఈవై సంస్థ కలిసి 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం డబ్బు కట్టి టీవీ చూసే ఇళ్లు దేశంలో 2018లో 15.1 కోట్లు, 2024కి 11.1 కోట్లు. ఆరేళ్లలో నాలుగు కోట్ల ఇళ్లు తగ్గాయంటే, వాటి వెనక నెలనెలా గుమ్మం ముందుకొచ్చి వసూలు చేసుకుని బతికే కుటుంబాలు ఎన్నో. మా వీధి ఆపరేటరు దగ్గర పనిచేసే అబ్బాయి కోలారు వైపు వాడు, ఇంట్లో తెలుగు, బయట కన్నడం. ఇప్పుడతను నిచ్చెన వేసుకుని లాగుతున్నది ఇంటర్నెట్ ఫైబరు. చాలా వీధుల్లో ఇదే కథ, మనం కేబుల్ మాన్పించినా కొత్త తీగ వేసేది ఆ పాత మనిషే. వాళ్లు నిలబడాలని నా కోరిక. వానలో వైఫై పోతే కాల్ సెంటరు టికెట్ నంబరు ఇస్తుంది, ఈ అబ్బాయి మాత్రం బండి వేసుకుని వస్తాడు. ఒక్క విన్నపం, చెట్ల కొమ్మల మీదుగా వేలాడేసి ఫుట్‌పాత్ మీద చుట్టలుగా వదిలేసిన పాత తీగలు తీసేయండయ్యా. పిల్లలు, ముసలివాళ్లు నడిచే దారి అది.

ఆంధ్రలో ఫైబర్‌నెట్ 2017 డిసెంబరులో మొదలైనప్పుడు నెలకు 149కే టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ ఇచ్చారు. బంధువుల ఇళ్లకి వెళ్లినప్పుడు అది చూసి ఇక్కడివాళ్లం ఆశపడేవాళ్లం. ఇప్పుడు ప్రైవేటు కంపెనీలూ ఆ దారికే వస్తున్నాయి. బీఎస్ఎన్ఎల్ 2024లో ఫైబరు మీద లైవ్ ఛానెళ్లు మొదలుపెట్టింది, ఎయిర్‌టెల్ 2025 మార్చిలో 699 నుంచి ఐపీటీవీ ప్లాన్లు తెచ్చింది. ఛానెల్ నంబరు నొక్కితే వచ్చే పాత సుఖం, ఇంటర్నెట్ తీగలో. పెద్దవాళ్లున్న ఇళ్లకి ఇది బాగా కుదురుతుంది, ఒక్క బిల్లుతో పోతుంది. మీ పాత ఇంటర్నెట్ ప్లాను గడువు ఎప్పుడు తీరుతుందో చూసుకుని అప్పుడు మారండి.

వదిన సంగతేమిటంటారా? కేబుల్ పూర్తిగా తీసేసింది, వాళ్లింట్లో అందరూ ఫోను చేతిలో పుట్టినవాళ్లే. ఓజీ చూడటం కోసం తీసుకున్న నెట్‌ఫ్లిక్స్ నవంబరు 23తో అయిపోయేది. ప్రభాస్ రాజాసాబ్ 2026 జనవరి 9న అన్నారు, సంక్రాంతి సినిమాలు ఇంటి తెర మీదికి రావడానికి ఎలాగూ ఫిబ్రవరి అవుతుందనుకుంది. అప్పటిదాకా ఏ యాప్ తీసుకోనని చెప్పి, మిగిలిన డబ్బుల్లో కొంత పరిషెకి అట్టిపెట్టింది. 17న ఇద్దరం వెళ్లాం. మీరూ పరిషెకి ఎప్పుడు వెళ్లినా మధ్యాహ్నం మూడింటిలోపే వెళ్లండి, ఆ తర్వాత బుల్ టెంపుల్ రోడ్డులో అడుగు పెట్టే చోటుండదు.