బందరు దారిలో తెల్ల నంబరు ప్లేటు

విజయవాడ నుండి బందరుకు 65వ నంబరు జాతీయ రహదారిపై దాదాపు 70 కిలోమీటర్లు. కంకిపాడు దాటి ఉయ్యూరు చేరేసరికి వరిచేలు, చెరకు తోటలు కన్నులకు చల్లదనమిచ్చాయి. తెలిసినవారి కారును అద్దెకు తీసుకొని కుటుంబసమేతంగా వెళుతున్నాము. పామర్రు వద్ద ఒక లారీ రాసుకుపోయి, కారు ఒక పక్కంతా నొక్కుకుపోయింది. అల్హమ్దులిల్లాహ్, ఎవరికీ దెబ్బలు తగలలేదు.

అయితే బీమా సంస్థ పరిహారం నిరాకరించింది. తెల్ల నంబరు ప్లేటున్న సొంత కారు పాలసీ, దానిని అద్దెకు తిప్పితే వర్తించదు. ఏటా ప్రీమియం చెల్లించిన యజమాని నివ్వెరపోయాడు. మరమ్మతు ఖర్చు ఇరువురమూ పంచుకున్నాము.

అద్దెకు తీసుకొని మనమే నడుపుకొనే కార్లకు సాధారణంగా నల్ల ప్లేటుపై పసుపు అక్షరాలు, టాక్సీలకు పసుపు ప్లేటుపై నల్ల అక్షరాలు ఉంటాయి. తాళం అందుకొనే ముందు ప్లేటును, పాలసీ కాగితాన్ని చూడడం ఇరువురికీ మేలు.