ఇంటి కప్పు

ఏలూరులో మాది తాతలనాటి పెంకుటిల్లు. ఈ శ్రావణమున పడమటింట మూడుచోట్ల గిన్నెలు పెట్టవలసివచ్చెను. కప్పు దింపి డాబా వేయుడని ఇరుగుపొరుగువారి బోధ. పెంకుటింటి పిల్లను ఎవరు చేసికొందురని వారి వాదము. వరుడు కప్పును వరించునట!

పనివాడు పైకెక్కి చూచి, దూలములు గట్టివే, చెడినవి నాలుగు వాసములును కొన్ని బద్దలును అనెను. 1865లో బాసెలు మిషనువారు మంగళూరున కర్మాగారము పెట్టి వ్యాపింపజేసిన యీ బంగాళాపెంకున నొక సుగుణము కలదు: పగిలినదానిని తీసి వేరొకటి అమర్చవచ్చును. డాబా సంగతి వేరు. మాది కొల్లేటివైపు నల్లమట్టి. వానకుబ్బును, ఎండకు బీటలువారును. అట్టి నేలపై మట్టితో పేర్చిన గోడలు డాబా బరువు నోర్చునా? గోడలతోసహా కట్టించుటయన్న, అమ్మాయి చదువునకు దాచిన సొమ్మంతయు చెల్లును.

మేమింకను తటపటాయించుచుండగా, "చదువు మాన్పించి పిల్లను డాబాక్రింద కూర్చుండబెట్టుదుమా?" అని మా గృహిణి అడిగెను. తాడేపల్లిగూడెమున పాతయిల్లు విప్పినచోట కొన్న పెంకులు ఆ వారమే వచ్చినవి.