చుక్కల యక్షరములు

సంక్రాంతి నెలలో మన స్త్రీలు ముంగిట ముందు చుక్కలు పెట్టి, పిదప వానిచుట్టు గీతను త్రిప్పి ముగ్గు వేయుదురు. అక్కడ చుక్క గీతకు దారి చూపునదే గాని తానే రూపము గాదు. మొయినాబాదు, కనకమామిడి మీదుగా చేవెళ్లకు పోవు కొన్ని బస్సుల నొసట వెలుగు పలకలయందో, గీతయే లేదు. ఉన్నవి చుక్కలే. గీతను గీచుకొనునది చూచువాని కన్ను.

ఇట్టి యక్షరములు యంత్రముల యవసరమువలన పుట్టినవి. సూదులతో రిబ్బనును పొడిచి అచ్చువేయు యంత్రములును, చిన్నదీపముల పలకలును, తొలినాటి కంప్యూటరు తెరలును గడిలో చుక్క పెట్టుటయో మానుటయో తప్ప వేరెరుగవు. ఇంగ్లీషు పెద్దక్షరమునకు అడ్డము 5, నిలువు 7, వెరసి 35 గళ్లు చాలును. 1984లో వెలువడిన మాకింటోషు కంప్యూటరునకై సూసన్ కేర్ అను నామె ఒక్కొక్క చుక్కయే పెట్టుచు అందమైన యక్షరములు దిద్దినది. నేటి తెరలు ఎంత నున్నని వంపునైనను చూపగలవు. అయినను ఆ పాతసొగసును కోరి పలువురు దానిని గోడపత్రికలకును, పుస్తకముల పేర్లకును మరల తెచ్చుచున్నారు. పెద్దదిగా నాలుగు మాటలు వ్రాయుటకు ముచ్చటయే. పాఠమంతయు దానితో అచ్చువేసినచో పిల్లల కన్నులు పది పంక్తులకే అలసిపోవును.

తెలుగునకు వచ్చునప్పటికి చిక్కు వేరు. సున్నకు నడుమ ఖాళీ యుండవలెను. మూడు వరుసల గడిలో చుట్టు 8 చుక్కలు పెట్టి నడిమిదానిని విడిచినచో అది సున్న గాక చదరమగును. ముతక గళ్లలో డకును ఢకును భేదము ఒక్క చుక్కయే. అన్నిటికంటె పెద్దచిక్కు వత్తు. పైన గుడి, నడుమ అక్షరము, క్రింద వత్తు: ఈ మూడంతస్తుల మేడను 7 వరుసలలో కట్టుటెట్లు? కనకమామిడి యను పేరు అదృష్టముగలది, అందు ఒక్క వత్తును లేదు. చేవెళ్లకా భాగ్యము లేదు.

మా విద్యార్థిని యొకతె తల్లి నలువదియేండ్లు దాటిన పిదప కూతురి పలకమీద అక్షరములు నేర్చినది. కూడబలుకుకొని చదువును. ఒకనాటి సాయంకాలము కనకమామిడి చౌరస్తాలో మమ్ము చూచి, "సారూ, ఇది చేవెళ్ల బస్సేనా?" అని యడిగినది. బస్సు పలకమీద వత్తు పైయక్షరముతో కలిసి ముద్దయై యుండెను. మేము అవునంటిమి. "నాకు సదువు ఒంటబట్టలే సారూ" అని నవ్వి ఎక్కినది. ఆమెకు చదువు వచ్చును, రానిది ఆ పలకకు. ఈ మాట చెప్పులోపల బస్సు కదలిపోయినది.

మరునాడు తొమ్మిదవ తరగతివారికి గళ్ల కాగితములు పంచి, చేవెళ్ల యని చుక్కలతో వ్రాయుడంటిమి. 7 వరుసలలో ఎవరికిని కుదరలేదు. 16 వరుసలు తీసికొని, అక్షరమునకును వత్తునకును నడుమ ఒక వరుసను ఖాళీగా విడిచిన కాగితమును కడపటి బెంచీవారును తడువుకొనక చదివిరి. ఆ ఖాళీ వరుసయే ప్రాణమని పిల్లలు తామే కనిపెట్టిరి. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నల్లబల్ల వ్రాత నేర్పిన గురువులును ఖాళీనిగూర్చియే పదేపదే చెప్పెడివారు.

లక్ష్మి యను పేరుమాత్రము ఇంకను లొంగలేదు. దానికి పైన గుడి, క్రింద రెండు వత్తులు. తరగతిలో ఆ పేరుగల బాలికలు ఇద్దరున్నారు. వారిప్పుడు 24 వరుసల కాగితముతో కుస్తీ పట్టుచున్నారు.